తీన్‌మార్ ఎవరి సొత్తు?

ఆషాఢం చివర్లో పాతబస్తీ బోనాల ఘటాలు నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డుకు చేరతాయి. వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి వచ్చే శోభాయాత్ర చార్మినార్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. ఇక పెళ్లిళ్ల కాలంలో బరాత్‌ల సంగతి చెప్పక్కర్లేదు. దేవుడెవరైనా, పెళ్లి ఎవరిదైనా జనం కాళ్లను కదిలించేది తీన్‌మార్ దెబ్బే. తెలంగాణ యాసలో వార్తలు చెప్పే కార్యక్రమానికి వీ6 చానల్ ఈ పేరే పెట్టుకుంది. అర్థం విప్పి చెప్పాల్సిన పని పడలేదు. ఇంతగా మనదైన ఈ దరువు పుట్టిల్లు మాత్రం సముద్రానికి అవతల ఉంది.

తీన్‌మార్ మర్ఫా వాద్యంలోని ఒక దరువు. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం కొలువులో సైనికులుగా చేరినప్పుడు ఈ సంగీతమూ వెంట వచ్చింది. అరబ్బుల బ్యారక్‌లున్న చోటు నేటి బార్కస్. సిద్దీల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం పేరు ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ దళాలు రద్దయ్యాయి. కొలువు పోయిన కుటుంబాల్లో కొన్నింటికి పెళ్లిళ్లలో మర్ఫా వాయించడమే బతుకుదెరువైంది.

పరాయి గడ్డ మీద పుట్టిన దరువు మనదెలా అవుతుంది, తెలంగాణ సంగీతమంటే డప్పు, ఒగ్గుకథ కదా అనేవారున్నారు. పుట్టుకే కొలతైతే చాలా ఊళ్ల సంగీతం నిలవదు. రొమేనియా పల్లె పెళ్లిళ్లలో తరతరాలుగా ఫిడేలు పట్టిన లౌతారి కళాకారుల్లో ఎక్కువమంది రోమా జాతివారు. వాళ్ల పూర్వీకులు శతాబ్దాల కిందట భారతదేశం నుంచి వలసపోయినవారే. అక్కడి సమాజం వాళ్లను దూరం పెట్టింది గానీ, వాళ్ల పాట లేకుండా పెళ్లి చేసుకోలేకపోయింది. ఏ సంగీతం ఏ ఊరిదో తేల్చాల్సింది ఈ అవసరమే. మన డప్పు కళాకారుడూ ఆ తగవు పెట్టుకోలేదు. ముసురుకు మెత్తబడ్డ చర్మాన్ని రోడ్డు పక్క మంట మీద కాచుకుని, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టి, పోతరాజు ముందు అదే తీన్‌మార్ మోగిస్తాడు.

అందరిదీ అయ్యాక తెచ్చినవాళ్ల పేరు చెరిగిపోదా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. చెరిగిపోతోంది, నిజమే. డప్పును నిలబెట్టిన మాదిగలకు జరిగిందీ ఇదే: వాద్యం గుడి ముందుకొచ్చింది, వాయించినవాడు ఊరి బయటే ఉన్నాడు. పైగా ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చి వాయించే చేతుల కూలికే ఎసరు పెట్టాయి. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో ఉత్తర్వులిచ్చారు. హోరు తగ్గించడానికి అది పనికొస్తుందేమో గానీ, కళాకారుడికి పని ఇప్పించదు. ఆ పని ఊరేగింపు తీసేవాళ్లది. ఈసారి బరాత్‌కైనా, ఘటానికైనా బయానా ఇచ్చేముందు మర్ఫా బృందాన్నో డప్పు బృందాన్నో అడగండి. వాళ్లది ఏ బస్తీయో కనుక్కుని, కరపత్రం మీద వాళ్ల పేర్లూ వేయించండి.