ప్లగ్గులో మూడో కన్నం ఎందుకు?

1996లో బి అండ్ సి మిల్లు మూతపడినాక మన పేటల్లో పుట్టిన పిల్లకాయలకి నూలు పని తెలీదు. ఒకడు టైల్సు కోస్తాడు, ఒకడు ఏసీలు బిగిస్తాడు, ఇంకొకడు కార్పెంటరు. డ్రిల్లింగ్ మిషను, కటింగ్ మిషను, జంక్షన్ బాక్సు సంచిలో వేసుకుని పొద్దున్నే బండెక్కుతారు. పనికి పోయిన చోట కరెంటు ఎక్కడ దొరికితే అక్కడినుంచి వైరు లాగుతారు. ఆ వైరు గురించే ఈ నాలుగు ముక్కలు.

మూడు కాళ్ల ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూడండి. పై కాలు లావుగా, కాస్త పొడుగ్గా ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు అదే ముందు తగలాలని అట్లా చేశారు. అది ఎర్తు. మామూలుగా దానిలో కరెంటు పారదు. మిషను లోపల వైరు ఒరుసుకుపోయి ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు ఈ కాలు గుండా భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ దోవ లేకపోతే మిషను పట్టుకున్న మనిషే దోవ. మనవాళ్లు ఏం చేస్తారు? ప్లగ్గే లేకుండా రెండు వైర్లు కన్నాల్లో పెట్టి అగ్గిపుల్లలు దోపుతారు. పని జరిగిపోతుంది కాబట్టి మూడో వైరు ఎవరికీ గుర్తురాదు. కొన్ని కొత్త మిషన్లకి రెండు కాళ్లే ఉంటాయి. వాటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటే లోపల రెండు పొరల కాపు ఉందని అర్థం, వాటికి ఎర్తు అక్కర్లేదు. అయినా తడి చేత్తో వాడే మిషను కాదది.

“ఎంసీబీ ఉంది కదా తాతా, అదే పడిపోతుంది” అంటాడు మా వీధి కుర్రాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి గుండె తప్పిపోవడానికి ఆంపియరులో పదోవంతు చాలు. అంత కొంచానికి ఎంసీబీ కదలదు. దానికి వేరే స్విచ్చి ఉంది, ఆర్‌సీసీబీ అంటారు. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సరిచూస్తుంది. 30 మిల్లీఆంపియర్లు లెక్క తప్పితే రెప్పపాటులో కట్ చేస్తుంది. దాని మీద టెస్టు బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్టే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే మాత్రం దానికీ తెలీదు.

మిల్లులో మోటారు విప్పేముందు వైర్‌మేను ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకునేవాడు. బోర్డు దగ్గర వదిలేస్తే ఎవరో ఒకరు పెట్టేస్తారని. వదులు జాయింటు అంటే అక్కడ అందరికీ హడల్, ఒక్క నిప్పురవ్వ దూదిపొట్టు మీద పడితే షెడ్డంతా అంటుకుంటుంది. ఇంట్లో దూది లేదుగానీ పరుపు ఉంది, పాత చీరల మూట ఉంది. వేణ్ణీళ్ల రాడ్డు 1500 వాట్లది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని సెల్‌ఫోనుకి వాడే సన్న వైరు బాక్సులో పెడితే వైరు కరుగుతుంది. వైరు చుట్టగా చుట్టి ఉంచి వాడినా వేడి బయటికి పోదు, మొత్తం విప్పి పరచాలి.

వానాకాలం సంగతి వేరే చెప్పాలి. 2017 నవంబరు 1న మన పక్కనున్న కొడుంగయ్యూరులో వాననీళ్లలో ఉన్న కరెంటు వైరు తొక్కి ఇద్దరు చిన్న ఆడపిల్లలు చనిపోయారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి ఉత్తర చెన్నై ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పుడు ఇంట్లో నీళ్లు తోడడానికి మోటారు పెడతారు చూడండి, నాకు అన్నిటికంటే భయం అదే. వైరు జాయింటు నీళ్లలో తేలుతుంటుంది, పక్కనే పిల్లలు ఆడుతుంటారు. జాయింటు మీద టేపు చుడితే నీళ్లు ఆగవు.

అద్దె ఇళ్లలో ఇంకో తంటా. యూనిట్టుకింత అని ఓనరు వసూలు చేస్తాడు, గోడలో మూడో కన్నానికి మాత్రం వైరే ఉండదు. లైసెన్సున్న వైర్‌మేనుని పిలిచి చూపిస్తే నిమిషంలో చెబుతాడు. ఒక్కరు అడిగితే “ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి” అంటారు. నాలుగు వాటాలవాళ్లూ కలిసి అడగండి. ఎర్తు అడగడం కొసరు అడగడం కాదు.

ఎవరికైనా షాకు కొడితే పట్టుకుని లాగొద్దు. ముందు మెయిను ఆపండి. అందకపోతే ఎండు కర్రతోగానీ ప్లాస్టిక్ కుర్చీతోగానీ నెట్టండి. 108కి ఫోన్ చేయండి, ఊపిరి లేకపోతే వచ్చేదాకా గుండె మీద రెండు చేతులతో నొక్కుతూ ఉండాలి. వీధిలో వైరు తెగినా, స్తంభం దగ్గర షాకు వస్తున్నా ఈబీ వాళ్ల మిన్నగం నెంబరు 94987 94987. సర్వీసు నెంబరు అడుగుతారు, కార్డు చేతిలో పెట్టుకుని మాట్లాడండి.