కారణము వేరు, క్షమాపణ వేరు

ఆబిడ్స్ నుండి నాంపల్లి వైపు నడిచినప్పుడు మనకు రైల్వే స్టేషను, క్రిమినల్ కోర్టులు రెండూ కనిపిస్తాయి. ఇల్లు విడిచి వచ్చి ప్లాట్‌ఫారముపై నిద్రించే బాలుని చూస్తే జాలి కలుగుతుంది. ఆ బాలుడే పదేండ్ల తరువాత ఒకరిని కత్తితో పొడిచి కోర్టు బోనులో నిలబడితే ఆగ్రహము కలుగుతుంది. ఈ రెండింటిలో ఏది న్యాయము?

ఉర్దూలో 'సబబ్' అనగా కారణము. ఆ మాటయే తెలుగులో 'సబబు' అయి, 'సమంజసము' అనే అర్థమును పొందినది. భాషలో ఈ మార్పు సహజమే. నేరవిచారణలో మాత్రము కారణము సమర్థనగా మారరాదు.

బాల్యగాయము ఒక కారణమే. 1989లో అమెరికా పరిశోధకురాలు క్యాథీ విడమ్ హింసకు, నిర్లక్ష్యానికి గురియైన 908 మంది పిల్లలను, అట్టి అనుభవము నమోదు కాని 667 మందితో పోల్చి చూశారు. మైనరు వయస్సులో అరెస్టయినవారు మొదటి వర్గములో నూటికి 26 మంది, రెండవ వర్గములో 17 మంది. గాయము ప్రమాదమును పెంచినది నిజమే. కాని గాయపడినవారిలో అత్యధికులు నేరస్థులు కాలేదు. బాల్యదుఃఖము నేరమును మాఫీ చేస్తుందంటే, అవే బాధలు పడి కూడా ఎవరిపైనా చేయి ఎత్తని వారికి, హతుని కుటుంబానికి మనము అన్యాయము చేసినట్లే.

మన న్యాయశాస్త్రము నేరనిర్ణయమును, శిక్షానిర్ణయమును వేరుచేస్తుంది. మొదటి దశలో బాల్యదుఃఖము నిర్దోషిత్వమును ఇవ్వదు. రెండవ దశలో దానికి విలువ కలదు. నేరముతోపాటు నేరస్థుని కూడా చూడవలెనని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. మరణశిక్ష కేసులలో నిందితుడు బాల్యములో అనుభవించిన హింస, నిర్లక్ష్యముల వివరములను సైతము సేకరించవలెనని 2022లో మనోజ్ కేసులో నిర్దేశించినది.

నేరస్థుని నేపథ్యమును గురించిన ఈ చర్చ మన తెలుగునాట లోగడ తీవ్రముగా సాగినది. 1993 మార్చి 8న హైదరాబాదు నుండి చిలకలూరిపేటకు పోయే బస్సును దోపిడీకై వచ్చిన ఇద్దరు యువకులు తగులబెట్టగా 23 మంది మరణించారు. సుప్రీంకోర్టు 1996లో ఉరిశిక్షను ఖాయపరచినది. పౌరహక్కుల వారు ఆ యువకుల పేదరికమును ముందుంచి క్షమాభిక్షకై పోరాడారు. 1998లో రాష్ట్రపతి ఆ శిక్షను యావజ్జీవముగా మార్చారు. ఉరి తప్పినది, దోషము తప్పలేదు. మన దృష్టిలో ఇదియే సరియైన హద్దు.

అయితే బోనులో నిలిచిన తరువాత బాల్యమును విచారించుట ఆలస్యపు దయ. పబ్లిక్ గార్డెన్స్ ఎదుటనున్న హాకా భవన్‌లో 2018లో బాధిత బాలల కొరకు బాలమిత్ర న్యాయస్థానము ప్రారంభమైనది. బిడ్డ భయపడక తన గోడు చెప్పుకొనుటకే ఆ ఏర్పాటు. విద్యార్థులమైన మనము చేయదగినది కూడా ఒకటి కలదు. స్టేషనులో ఒంటరి బాలుడు కనిపించినప్పుడు జాలిపడి సాగిపోక, 1098కి ఫోను చేద్దాము.