మీకు తెలుసా? గోడలు చెప్పే గిరిజనుల కథ

• ఇంటి కట్టడంలోనే నమ్మకాలను, మర్యాదలను ఇమిడ్చుకునే అలవాటు మన పొరుగున ఛత్తీస్‌గఢ్ గిరిజనులకు ఉంది.

• దాన్ని కళ్లారా చూడాలంటే నవా రాయ్‌పూర్‌లోని ఉపర్వారాలో ఉన్న ‘పుర్ఖౌతీ ముక్తాంగన్’కు వెళ్లాలి. 2006 నవంబరులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఈ ఆరుబయలు మ్యూజియంలో గిరిజనుల జీవనం, కళలు, కట్టడాల నమూనాలు కనిపిస్తాయి.

• బస్తర్ మురియా గోండుల ఊళ్లలో ‘ఘోటుల్’ అనే ఉమ్మడి ఇల్లు ఉండేది. పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు అక్కడ చేరి ఆటపాటలు, కట్టుబాట్లు, కలిసి పనిచేసే తీరు నేర్చుకునేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో దీనిపై పెద్ద గ్రంథమే వెలువరించారు.

• సర్గుజా ప్రాంతపు పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రజ్వార్ తన ఇంటినే కళాఖండంగా మలిచారు. వెదురు బద్దలను గుండ్రంగా వంచి కట్టి, పైన మట్టి మెత్తి జాలీలు చేశారు. వాటి సందుల్లో మట్టి పిట్టలను, కోతులను కూర్చోబెట్టారు. ఎండ తగ్గేది, గాలి ఆడేది, ఇంటికి అందం వచ్చేది. 1983లో ఆమెకు జాతీయ పురస్కారం దక్కింది.

• మట్టి గోడ ఏటా అలుకు, పూత కోరుతుంది. ఆ పనితనం తెలిసిన చేతులు ఉన్నంతకాలమే ఆ ఇళ్లు నిలుస్తాయి. రాయ్‌పూర్ వెళ్లినప్పుడు ముక్తాంగన్‌కు ఒక పూట కేటాయించండి, పిల్లలనూ వెంట తీసుకెళ్లండి.