ఉప్పుటేటిలో బెండుగాలము

వ్యాకరణము, కావ్యములు చెప్పుకొని బ్రతికిన పంతులు చేపల వేటను గూర్చి ప్రసంగించుటయా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. నేను చేపను భుజించువాడను గూడ కాను. కాని నా యుద్యోగకాలములో ఏడేండ్లు ఉప్పుటేటి యొడ్డున నొక గ్రామమందుంటిని. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఆ యేరు సుమారు 60 కిలోమీటర్ల పొడవు గలది. సాయంకాలము బడి విడిచిన పిదప గట్టుమీద కూర్చుండి యొక వృద్ధ జాలరి గాలము వేయుట చూచుచుండెడివాడను. ఆ తాతకు అక్షరము రాదు. అయినను ఆయన పట్టినట్లు ఆ యూర మరియొకరు పట్టలేకుండిరి. ఆయన యొద్ద నేర్చినదే నేడు మీకు విన్నవించుచున్నాను.

మన చెరువులలో బెండుగాలము మీరెల్లరు చూచినదే. ఎఱ్ఱను గుచ్చి, బెండును నిలిపి, చేప వచ్చువరకు కాచుకొందురు. అచ్చట నీరు నిలుకడగా నుండును, చేప తిరుగుచుండును. ఉప్పుటేట నిది తలక్రిందులు. చేప యొకచోట పొంచియుండును, నీరే దానికి మేత తెచ్చును. మడచెట్ల వేళ్ల వెనుక, వంతెన స్తంభముల నీడను, పిల్లకాలువ వచ్చి పెద్దయేటిలో గలియు మూలలను, ప్రవాహమునకు ముఖము పెట్టి పండుగప్ప నిలిచియుండును. పాటు తీయునప్పుడు మడచెట్ల నడుమనుండి రొయ్యలు నీటితో కొట్టుకొని వచ్చును. దానికదియే భోజనసమయము. నీరు నిలిచినచో చేపకు మేత రాదు, మనకు చేప రాదు. "పంతులుగారూ, మీరు చేపను వెదకవద్దు, నీళ్లు నడిచే వేళను వెదకండి" అని తాత నాతో మొదటిదినముననే యనెను.

ఆ వేళను తెలిసికొనుటకు మీ యింట పంచాంగమున్న చాలును. పోటుపాటులకు ముఖ్యకారణము చంద్రాకర్షణము. సూర్యునిదియు గలదు గాని యది చంద్రునిదానిలో సగముకంటె కొంచెము తక్కువ. ఒక్కొక్క తిథికి చంద్రుడు సూర్యునినుండి 12 భాగలు తొలగును. భూమి ఆ 12 భాగలు తిరుగుటకు రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు పట్టును. కావున పోటు తిథికి రెండేసి ఘడియలు వెనుకబడును. అమావాస్యనాడు మీ రేవున నిండుపోటు ఏ వేళకు వచ్చెనో యొకసారి గుర్తించుకొన్నచో విదియనాటికి నాలుగు ఘడియలు, చవితినాటికి ఎనిమిది ఘడియలు కలుపుకొనవలెను. పూర్ణిమకు 30 ఘడియలగును. అది సరిగా అర్ధదినము గనుక, పూర్ణిమనాడు మరల అమావాస్య వేళకే పోటు వచ్చును. ఒక పోటునుండి మరియొక పోటునకు సుమారు 31 ఘడియలు. నిండుపోటునను, కడపాటునను నీరు కొంతసేపు నిలుచును. ఆ రెంటి నడుమ ప్రవాహము బలముగా నుండును. అష్టమినాడు సూర్యచంద్రుల బలములు ఒకదాని కొకటి యడ్డమై నీరు మందగించును. అమావాస్యా పూర్ణిమలకును, ఆపై విదియవరకును నీరు వడిగా నడచును. ఈ లెక్కయందు గాలివాటును బట్టి కొంత యటునిటు తప్పును. వానకాలమున కొల్లేరు పొంగినపుడైతే అసలే పనికిరాదు, నీరు రేయింబవళ్లు సముద్రమువైపునకే నడచును.

ఈ లెక్క కట్టినందుకు నాకు కొంత గర్వము కలిగినది. ఆ గర్వమే నన్ను ముంచవలసినది. ఒకనాడు విదియ. పదమూడేండ్ల శిష్యు నొకనిని వెంటబెట్టుకొని మొగయొద్దకు పోయి, పాటునీటిలో బయటపడిన యిసుకమేటపై నిలిచి గాలము వేయుచుంటిని. పోటు మొదలగుటకు ఇంకను మూడు ఘడియల వ్యవధి యున్నదని నా లెక్క. చూచుచుండగనే మేటకును గట్టునకును నడుమనున్న పాయ మోకాలిలోతునుండి రొమ్ములోతు అయ్యెను. పిల్లవాడు నా చేయి విడువక బిక్కచచ్చి నిలిచెను. వానికి ఈత రాదు. తాత మనుమడు దూరమునుండి కేక విని పడవ తెచ్చినందున నేడు నేనిట్లు మాటలాడుచున్నాను. లెక్కలో తప్పు లేదు, తప్పు లెక్క కట్టినవానిది. మా యూరి రేవున గుర్తించిన వేళను మొగకు అన్వయించితిని. పోటు మొదట మొగకు వచ్చి, పిమ్మట పైకెక్కును. ఎగువనున్న రేవునకు చేరుటకు మరికొంత కాలము పట్టును. ఎచ్చటి వేళ నచ్చటనే గుర్తించుకొనవలెను. పిల్లలను ఇసుకమేటలపైకి పోనిచ్చు పెద్దలు ఈ మాట మరువకుందురు గాక.

ఇక బెండు సంగతి. తాత జీలుగుబెండును కోలగా చెక్కి వాడెడివాడు. ఇప్పటివారు థర్మోకోలు ముక్కను కట్టుచున్నారు. అది చిట్లి ఏటిలో మిగిలిపోవును గనుక నాకు నచ్చదు. బెండు క్రింద దారమునకు చిన్న సీసపుగుండ్లు, వాని క్రింద మూరెడు విడిచి గాలము. ఎర అడుగునకు జానెడెత్తున సాగిపోవలెను. లోతు తెలియుటకు, గుండు అడుగున ఆనినచో బెండు ప్రక్కకు వాలును. గుండు వ్రేలాడుచున్నచో నిటారుగా నిలుచును. వాలినప్పుడు దారమును కొంచెము కొంచెముగా తగ్గించి నిలుపుకొనవలెను.

అసలు విద్య యంతయు దీని తరువాతనే యున్నది. బెండు నీటితో సమానముగా పోవలెను. గట్టున నిలిచి దారమును బిగబట్టితిరా, బెండు నురుగు చీల్చుకొని ఆగును, రొయ్య పైకి తేలును. కట్టుబడక కొట్టుకొనివచ్చు రొయ్య యెన్నడు నట్లు తేలదు, చేప దానిని నమ్మదు. మరి పూర్తిగా వదలితిరా, దారము నీటిపై విల్లువలె వంగి బెండును ముందునకు లాగుకొనిపోవును. కనుక గడకొనతో దారము నెత్తి ఎగువవైపునకు వేయుచుండవలెను. ఇంకొక సూక్ష్మము గలదు. అడుగునీరు నేలరాపిడివలన పైనీటికంటె మెల్లగా నడచును. బెండును ఒకింత, ఒకింత మాత్రమే, వెనుకకు పట్టినచో రొయ్య ముందును, బెండు వెనుకను సాగును. చేపకు మొదట కనబడునది ఎరయే కాని దారము కాదు. నాకిది చేతికి వచ్చుటకు రెండు సంవత్సరములు పట్టినది.

రొయ్య ప్రాణముతో నుండవలెను. దాని తలపై రంపమువంటి కొమ్ము గలదు. ఆ కొమ్ము మొదట, లోపల కనబడు నల్లచుక్కను తాకకుండ, గాలపు మొనను పైపైన గుచ్చినచో చాలసేపు బ్రతుకును. చుక్కను గుచ్చితిరా, తత్క్షణమే చచ్చును. ఏటి యంచున విసురువలతో పట్టిన రొయ్యలనే, ఆ యేటినీటిలోనే నీడను ఉంచి వాడుడు. సాగుచెరువుల రొయ్యలను ఎరగా తేవద్దు. 1990 దశకము నడుమ తెల్లమచ్చరోగము మన కోస్తా చెరువులను నాశనము చేసినది మీకు జ్ఞాపకముండును. ఆ రోగబీజము పచ్చిరొయ్యతో నీటినుండి నీటికి పాకును.

బెండు మునిగి ప్రక్కకు జరిగినంతనే గడ నెత్తుడు. పండుగప్ప మొప్పలమూతల యంచు కత్తివంటిది, వ్రేలు పెట్టరాదు. జెల్ల పడినచో మరింత జాగ్రత్త, దాని వెన్నుముల్లును, ప్రక్కముళ్లును విషముగలవి. గ్రుచ్చుకొన్నచో ఓర్చుకొనగల వేడినీట చేతినుంచి, వైద్యుని యొద్దకు పోవలెను.

చివరగా నొక వింత. పండుగప్ప మొదట మగదై పెరిగి, కొన్నియేండ్లకు పెద్దదైన పిమ్మట ఆడుదిగా మారును. కావున మిక్కిలి పెద్దవాని నన్నిటిని పట్టివేసినచో గ్రుడ్లు పెట్టునవే యుండవు. పుస్తకమున చదివిన యీ సంగతిని తాతకు చెప్పితిని. ఆయన నమ్మునో నమ్మడో యని యనుకొంటిని. ఆయన దారము చుట్టుట ఆపి, కొంతసేపు ఊరకుండి, "అందుకా పంతులుగారూ! చిన్న పండుగప్ప కడుపులో నేనెన్నడూ గ్రుడ్లు చూడలేదు" అనెను.