వనిల్లా: చేతితో కాయించు తీగ

ఐస్‌క్రీము తిన్న ప్రతివారికి వనిల్లా పేరు తెలియును. కాని అది ఒక అడవి తీగ పేరనియు, ఆ తీగ ఆర్కిడ్ల కుటుంబమునకు చెందినదనియు తెలిసినవారు తక్కువ. మన మామిడి చెట్ల కొమ్మల నంటిపెట్టుకొని పెరుగు వాండా కూడ ఈ కుటుంబములోనిదే. దీనిలో సుమారు 28,000 జాతులు గలవు. వీనిలో పెక్కింటిని పూల అందము కొరకే పెంచుదురు. కాయ కొరకు విరివిగా సాగు చేయబడునది వనిల్లా ఒక్కటే.

వనిల్లా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల ఉష్ణమండలారణ్యములు. మెక్సికో తూర్పు తీరమందలి టోటోనాక్ ప్రజలు దీనిని తొలుత సాగు చేసిరని చెప్పుదురు. స్పానిష్ భాషలో ఈ పేరునకు ‘చిన్న ఒర’ అని అర్థము. సన్నగా, పొడవుగా నుండు కాయను బట్టి ఆ పేరు వచ్చినది.

వరి, కొబ్బరి, అరటి వలె వనిల్లా ఏకదళబీజపు మొక్క. ఈ ప్రజాతికి 1754లో ఫిలిప్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు వనిల్లా అని పేరిడెను. ఇందలి నూటికి పైగా జాతులలో సాగుకు ముఖ్యమైనది వనిల్లా ప్లానిఫోలియా. ‘ప్లానిఫోలియా’ అనగా చదునైన ఆకులు గలది. ఆకులు మందముగా, కండగలిగి యుండును. కణుపుల వద్ద పుట్టు వేళ్లతో తీగ చెట్టును పట్టుకొని పైకి ప్రాకును. దక్షిణ భారతదేశమునను, సింహళమునను పెరుగు వనిల్లా వాకరియే అను జాతికి ఆకులే కనబడవు. దాని పచ్చని కాండమే ఆహారమును తయారు చేసికొనును.

ఈ మొక్క చరిత్ర యంతయు దాని పువ్వులోని ఒక చిన్న పొరపై ఆధారపడియున్నది. మందారపువ్వులో కేసరములు, కీలము మనకు విడివిడిగా కనబడును. ఆర్కిడ్ పువ్వులో ఈ రెండును కలిసి ఒకే స్తంభముగా ఏర్పడును. వనిల్లా పువ్వులో పుప్పొడి ఆ స్తంభపు కొనయందుండును. దాని క్రిందనే కీలాగ్రముండును. ఈ రెంటికి నడుమ నాలుక వంటి పొర అడ్డముగా నుండును. అందుచేత ఒకే పువ్వులో నున్నను, పుప్పొడి తనంత తాను కీలాగ్రమును చేరజాలదు. పైగా పువ్వు ఉదయము విచ్చి, ఆ దినముననే వాడిపోవును. పుట్టినచోట కొన్ని జాతుల తేనెటీగలు పరాగ సంపర్కము చేయుననియు, అక్కడ సైతము సహజముగా కాయలు ఏర్పడుట అరుదనియు చెప్పుదురు.

ఐరోపావారు ఈ తీగను ఇతర దేశములకు కొనిపోయిరి. తీగ పెరిగినది, పూచినది. కాయలు మాత్రము కాయలేదు. 1836లో బెల్జియములో చార్లెస్ మోరెన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కృత్రిమముగా పరాగ సంపర్కము చేసి కాయలు పొందెను. కాని రైతులకు పనికివచ్చు సులభోపాయము హిందూ మహాసముద్రములోని రీయూనియన్ దీవిలో 1841లో వెలువడినది. దానిని కనుగొన్నవాడు ఎడ్మండ్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు. అతడు సన్నని పుల్లతో అడ్డుపొరను పైకెత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అద్దెను. కొలది క్షణముల పని! 1848లో బానిసత్వము రద్దయి అతడు ఎడ్మండ్ ఆల్బియస్ అయ్యెను. దీవి ఆ పంటతో సంపన్నమైనది. అతడు మాత్రము 1880లో పేదరికములోనే మరణించెను. నేటికిని తోటలలో ఈ పద్ధతినే అనుసరించుచున్నారు. మన కేరళ, కర్ణాటకములలో సాగు చేయు రైతులును ఇట్లే చేయుదురు.

వనిల్లాకు వెచ్చని, తేమగల వాతావరణము, పలుచని నీడ, ఆకులు కుళ్లిన వదులు నేల కావలెను. తీగముక్కలను నాటి, గ్లైరిసీడియా వంటి చెట్లకు ప్రాకింతురు. సుమారు మూడవ యేట పూయనారంభించును. పరాగ సంపర్కము జరిగిన తరువాత కాయ పక్వమగుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. ఆశ్చర్యమేమన, పచ్చికాయకు ఆ పరిమళముండదు. అందలి వనిలిన్ అను పదార్థము చక్కెరతో కూడి బంధింపబడియుండును. కాయలను వేడినీటిలో ముంచి, కంబళ్లలో చుట్టి, కొన్ని నెలలపాటు మెల్లగా ఆరబెట్టినపుడు ఎంజైములు ఆ బంధమును విడగొట్టును. అప్పుడే సువాసన వెలువడును. ఒక కిలో ఎండుకాయలకు ఐదారు కిలోల పచ్చికాయలు కావలెను.

1874లో జర్మనీ రసాయనజ్ఞులు వనిలిన్‌ను కృత్రిమముగా తయారు చేసిరి. నేడు మనము తినుచున్న ఐస్‌క్రీములలో చాలవరకు అట్టి వనిలినే యుండును. ఐనను కాయలోని వందలకొలది ఇతర పదార్థముల కలయిక దానికి లేదు.

తీగముక్కలతో పెంచుట సులభమే కాని, అందొక ప్రమాదము కలదు. ఇట్లు పెంచిన తోటలోని తీగలు దాదాపు ఒకే తీగకు నకళ్లు. ఒకదానిని చంపగల వేరుకుళ్లు తెగులు అన్నింటిని చంపగలదు. ఈ తెగులుకు కారణము ఫ్యుజేరియం అను శిలీంధ్రము. తెగులును తట్టుకొను గుణములను అడవిలోని తీగలయందు, సోదర జాతులయందు వెదకవలసియున్నది. ఆ అడవులే తరుగుచున్నవి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వనిల్లా ప్లానిఫోలియాను ప్రమాదస్థితిలోనున్న జాతిగా పేర్కొన్నది. తోటను కాపాడవలెనన్న ముందు అడవిని కాపాడవలెనని ఈ తీగ మనకు తెలుపుచున్నది.