లైవ్ టీవీ సరిగ్గా 4 నిమిషాల 20 సెకన్లకే ఆగిపోతోందా? బాక్స్ మార్చే ముందు ఈ నంబర్లు చూడండి

ఐపీటీవీ బాక్స్‌లో ఛానల్ పెట్టగానే బొమ్మ వస్తుంది. క్వాలిటీ కూడా బాగానే ఉంటుంది. నాలుగు నిమిషాలు దాటాక ఒక్కసారిగా ఫ్రీజ్. ఛానల్ మార్చి వెనక్కి వస్తే మళ్లీ నడుస్తుంది, మళ్లీ నాలుగు నిమిషాలే. అదే వైఫై మీద ఫోన్‌లో యూట్యూబ్ మాత్రం హాయిగా ఆడుతుంటుంది.

మా గోదావరిఖనిలో ఈ కంప్లైంట్ చాలాసార్లు విన్నా. సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి ఇంటికొచ్చి మ్యాచ్ చివరి ఓవర్లు చూద్దామని కూర్చున్న మనిషికి సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగితే ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు. చాలామంది ముందు బాక్స్ మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే డబ్బులు పెట్టి కొత్త రౌటర్ కొంటారు. ఆ ఖర్చుకు ముందు ఒక్క పని చేయండి. ఛానల్ పెట్టగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. ప్రతిసారీ 260 సెకన్ల దగ్గరే ఆగుతోందంటే బాక్స్‌ని అనుమానించాల్సిన పని దాదాపు లేదు. ఆ 260 అనేది ఒక ప్రోటోకాల్‌లో రాసిపెట్టి ఉన్న లెక్క.

యూట్యూబ్‌కి లేని సమస్య లైవ్ టీవీకే ఎందుకు?

యూట్యూబ్, ఓటీటీ యాప్‌లు యూనికాస్ట్ పద్ధతిలో నడుస్తాయి. చూసే ప్రతి ఒక్కరికీ సర్వర్ నుంచి విడిగా ఒక స్ట్రీమ్ వస్తుంది. ఆపరేటర్ ఇచ్చే ఐపీటీవీ లైవ్ ఛానళ్లు మామూలుగా మల్టీకాస్ట్‌లో వస్తాయి. లైన్ మీద ఒకటే కాపీ నడుస్తుంది, చూసేవాళ్లు ఎక్కడ ఉంటే అక్కడ కొమ్మలుగా చీలుతుంది.

లెక్క వేస్తే తేడా అర్థమవుతుంది. ఒక ఛానల్ 4 ఎంబీపీఎస్ అనుకుందాం. వంద ఇళ్లలో అదే మ్యాచ్ చూస్తుంటే యూనికాస్ట్‌లో 400 ఎంబీపీఎస్ కావాలి. మల్టీకాస్ట్‌లో మెయిన్ లైన్ మీద 4 ఎంబీపీఎస్ చాలు. తక్కువ ధరకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి ఇవ్వాలంటే ఈ పొదుపు చాలా ముఖ్యం. 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ అలాగే మూడూ కలిపి నెలకు 149 రూపాయల ప్లాన్‌తో వచ్చింది. తెలంగాణలో 2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ పైలట్‌గా మొదలైన ఊళ్లలో మా పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ కూడా ఉంది. ఫైబర్ మీద టీవీ ఊళ్లలోకి వస్తున్నకొద్దీ ఈ మల్టీకాస్ట్ గొడవ మన ఇళ్లలోకీ వస్తుంది.

ఎనిమిది బైట్ల మెసేజ్

మల్టీకాస్ట్‌లో ప్రతి ఛానల్‌కీ ఒక గ్రూప్ అడ్రస్ ఉంటుంది. ఇవి 224 నుంచి 239 మధ్య మొదలవుతాయి. సొంత నెట్‌వర్క్ లోపల వాడుకోవడానికి ఎక్కువగా 239తో మొదలయ్యేవి తీసుకుంటారు. "నాకు ఈ గ్రూప్ కావాలి" అని మీ బాక్స్ చెప్పే భాష పేరు ఐజీఎంపీ. 1997లో వచ్చిన రెండో వెర్షన్‌లో మెసేజ్ మొత్తం ఎనిమిది బైట్లే:

- మొదటి బైట్: మెసేజ్ టైప్
- రెండో బైట్: జవాబుకి ఇచ్చే గరిష్ఠ గడువు, సెకనులో పదో వంతుల్లో
- తర్వాతి రెండు బైట్లు: చెక్‌సమ్
- చివరి నాలుగు బైట్లు: గ్రూప్ అడ్రస్

టైపులు కూడా తక్కువే. 17 అంటే "ఎవరు ఏం చూస్తున్నారు?" అని అడిగే క్వెరీ. 22 అంటే "నేను చూస్తున్నా" అనే రిపోర్ట్. 23 అంటే "ఇక చాలు" అనే లీవ్. వైర్‌షార్క్‌లో ఇవి హెక్స్‌లో కనిపిస్తాయి కాబట్టి 17 బదులు 11, 22 బదులు 16, 23 బదులు 17 అని ఉంటుంది, కంగారు పడకండి.

2002లో వచ్చిన మూడో వెర్షన్‌లో రిపోర్ట్ టైప్ 34 అయ్యింది. క్వెరీ కనీసం 12 బైట్లకి పెరిగింది. ఆ పెరిగిన చోట ఒక మంచి పని చేశారు. ఎంతసేపటికోసారి అడుగుతున్నారు, ఎన్నిసార్లు చూడాలి అనే టైమర్ విలువల్ని కూడా క్వెరీలోనే పెట్టి పంపుతారు.

260 ఎక్కడి నుంచి వచ్చింది?

డిఫాల్ట్ విలువలు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. క్వెరీ 125 సెకన్లకోసారి వెళ్తుంది. జవాబుకి గడువు 10 సెకన్లు, అంటే రెండో బైట్‌లో 100 అని ఉంటుంది. ప్యాకెట్ దారిలో పోవచ్చు కాబట్టి రెండు రౌండ్లు చూస్తారు, ఆ 2ని రోబస్ట్‌నెస్ అంటారు.

2 × 125 + 10 = 260 సెకన్లు.

ఇంతసేపట్లో ఒక్క రిపోర్ట్ కూడా రాకపోతే "ఆ వైపు ఎవరూ చూడట్లేదు" అని తేల్చి ఆ గ్రూప్‌ని కట్ చేస్తారు. మధ్యలో ఉన్న స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉంటే అదీ ఈ మెసేజ్‌లు వింటూ ఏ పోర్ట్‌కి ఏ ఛానల్ పంపాలో రాసుకుంటుంది. గడువు అయిపోతే కొట్టేస్తుంది.

ఇప్పుడు సమస్య చూడండి. ఛానల్ పెట్టగానే బాక్స్ ఎవరూ అడగకుండానే ఒక రిపోర్ట్ పంపుతుంది, అందుకే బొమ్మ వెంటనే వస్తుంది. ఆ తర్వాత క్వెరీ వస్తేనే మళ్లీ జవాబిస్తుంది. నెట్‌వర్క్‌లో క్వెరీ వేసేవాళ్లే లేకపోతే, లేదా క్వెరీ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంటే, బాక్స్ నోరు మెదపదు. స్విచ్ 260 వరకు లెక్కపెట్టి కట్ చేస్తుంది. బాక్స్ బాగానే ఉంది, స్విచ్ బాగానే ఉంది. అడగాల్సిన గొంతు ఒక్కటే లేదు.

ఇంట్లో చేసి చూశా

ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీతో ఒక వీడియోని 239.1.1.1 గ్రూప్‌కి స్ట్రీమ్ చేశా. మధ్యలో స్నూపింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్, అవతల ఇంకో ల్యాప్‌టాప్. రౌటర్ పీకేశా, అంటే క్వెరీ వేసేవాళ్లు లేరు. స్విచ్‌లో తెలియని మల్టీకాస్ట్‌ని పారేయమని సెట్టింగ్ పెట్టా. నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర బొమ్మ ఆగింది. స్విచ్‌లోనే ఉన్న ఐజీఎంపీ క్వెరియర్ ఆప్షన్ ఆన్ చేశా. ఈసారి సినిమా సగం అయ్యేదాకా వదిలేసినా ఆగలేదు.

అదే తెలియని మల్టీకాస్ట్‌ని అందరికీ పంపమని పెడితే ఫ్రీజ్ ఉండదు, ఇంకో తలనొప్పి ఉంటుంది. ఎవరూ అడగని స్ట్రీమ్ కూడా ప్రతి పోర్ట్‌కీ, వైఫైకీ వెళ్తుంది. వైఫైలో మల్టీకాస్ట్ సాధారణంగా తక్కువ స్పీడ్‌లో వెళ్తుంది, పోయిన ప్యాకెట్ మళ్లీ రాదు. దాంతో ఇంట్లో అందరి నెట్ నెమ్మదిస్తుంది. లైనక్స్ బ్రిడ్జ్‌లో డిఫాల్ట్‌గా స్నూపింగ్ ఆన్, క్వెరియర్ ఆఫ్. క్వెరియర్ కనబడకపోతే అది స్నూపింగ్‌ని పక్కనపెట్టి అందరికీ పంపేస్తుంది. అందుకే ఒకే తప్పు ఒక ఇంట్లో ఫ్రీజ్‌లా, ఇంకో ఇంట్లో స్లో వైఫైలా కనిపిస్తుంది.

మస్టర్‌కీ దీనికీ తేడా

ఇదంతా మా బాపుకి చెప్పా. ఆయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యారు. "అంటే మస్టర్ లెక్కనే కదా, పిలుస్తరు, పలికినోడు ఉన్నట్టు" అన్నారు. అవునన్నా. కాసేపు ఆలోచించి "గని కాడ అట్ల నడువది బిడ్డా. ల్యాంపు వాపసు రాకపోతే మనిషి లోపలున్నట్టే. పలుకలేదని లేడనుకుంటే ఎట్ల?" అన్నారు.

నెట్‌వర్కింగ్ క్లాస్‌లో ఈ తేడాని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ల్యాంప్ రూమ్ లెక్కలో మనిషి బయటికొచ్చినట్టు రుజువు కావాలి, అప్పటిదాకా లోపలున్నట్టే. ఐజీఎంపీలో తిరగబడిన లెక్క: ఉన్నట్టు రుజువు ఎప్పటికప్పుడు రావాలి, రాకపోతే లేనట్టే. దీన్ని సాఫ్ట్ స్టేట్ అంటారు. టీవీకి ఇదే సరైన పద్ధతి. కరెంటు పోయి బాక్స్ లీవ్ చెప్పకుండా ఆగిపోతే, ఆ ఛానల్ ఎప్పటికీ ఆ లైన్ మీద నడుస్తూనే ఉండకూడదు కదా. కాకపోతే ఈ పద్ధతి నడవాలంటే పిలిచేవాడు తప్పకుండా ఉండాలి.

రౌటర్ల మధ్య ఇదే కథ

మీ వీధి దాటాక ఆపరేటర్ రౌటర్లు మాట్లాడుకునే ప్రోటోకాల్ సాధారణంగా పిమ్. ప్రోటోకాల్ నంబర్ 103, అడ్రస్ 224.0.0.13. ప్రతి మెసేజ్‌కీ నాలుగు బైట్ల కామన్ హెడర్: నాలుగు బిట్ల వెర్షన్, నాలుగు బిట్ల టైప్, ఒక రిజర్వ్‌డ్ బైట్, రెండు బైట్ల చెక్‌సమ్. టైప్ 0 హలో, 3 జాయిన్/ప్రూన్.

హలో 30 సెకన్లకోసారి, దాని గడువు 105. జాయిన్ 60 సెకన్లకోసారి, దాని గడువు 210. రెండింట్లోనూ గడువు మూడున్నర రెట్లు. అంటే రెండు మెసేజ్‌లు వరుసగా పోయినా తట్టుకుంటుంది. ఇది మనకి పనికొచ్చే క్లూ. మీ ఒక్క ఇంట్లోనే 260 దగ్గర ఆగితే ఇంటి వైపు చూడండి. కాలనీ మొత్తం ఒకేసారి ఆగితే ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు, ఆపరేటర్‌కే ఫోన్ చేయాలి.

ఇలా చేసి చూడండి

1. బాక్స్‌ని మధ్యలో ఏ స్విచ్, రెండో రౌటర్ లేకుండా ఫైబర్ మోడెమ్‌కి నేరుగా కేబుల్‌తో పెట్టండి. సమస్య పోతే తప్పు మధ్యలో ఉన్న పరికరం సెట్టింగ్‌ది.
2. రౌటర్‌లో ఐజీఎంపీ ప్రాక్సీ, ఐజీఎంపీ స్నూపింగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడుతుంటే దాంట్లో కూడా చూడండి.
3. మేనేజ్డ్ స్విచ్ ఉంటే, పైనుంచి క్వెరీ రావట్లేదని తేలాకే దాని క్వెరియర్ ఆన్ చేయండి. ఇద్దరు క్వెరియర్లు ఉంటే తక్కువ ఐపీ అడ్రస్ ఉన్నదే గెలుస్తుంది, మీ స్విచ్ ఆపరేటర్ రౌటర్‌ని పక్కకి నెట్టకూడదు.
4. బాక్స్ వైఫై మీదే నడవాలంటే మల్టీకాస్ట్‌ని యూనికాస్ట్‌గా మార్చే ఆప్షన్ ఆన్ చేయండి.
5. ఛానల్ మార్చినప్పుడు పాత ఛానల్ రెండు సెకన్ల పాటు లైన్ మీదే ఉండటం మామూలే. లీవ్ వచ్చాక రౌటర్ సెకను తేడాతో రెండుసార్లు అడిగి చూస్తుంది. ఒకే బాక్స్ ఉన్న ఇంట్లో ఫాస్ట్ లీవ్ పెట్టుకోవచ్చు. ఒకే పోర్ట్ మీద రెండు బాక్సులుంటే వద్దు, ఒకరు మారిస్తే ఇంకొకరి టీవీ ఆగుతుంది.

కొనేవాళ్లకి ఒక మాట

రౌటర్ డబ్బా మీద గిగాబిట్, యాంటెనాల లెక్క పెద్దగా రాస్తారు. ఐపీటీవీ ఇంట్లో ఉంటే మాత్రం స్పెసిఫికేషన్ పేజీలో ఐజీఎంపీ ప్రాక్సీ, స్నూపింగ్, వైఫై కోసం మల్టీకాస్ట్ మార్పిడి ఉన్నాయో లేదో చూసే కొనండి. ఇప్పటికే ఉన్న రౌటర్‌లో ఇవి ఉంటే కొత్తది అక్కర్లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసినప్పుడు కూడా "టీవీ సరిగా రావట్లేదు" అని కాకుండా "ఛానల్ పెట్టిన 260 సెకన్లకి ఆగుతోంది, క్వెరీలు మా వరకు రావట్లేదేమో చూడండి" అని చెప్పండి. ఎక్కడ వెతకాలో అవతలివాళ్లకి ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.