రోహిణికార్తెలో పెరటితోట

రోహిణి యెండలకు రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రోలే నిలువలేని యెండలో లేతమొక్క యెట్లు నిలుచును? మే నెల చివరి వారమునుండి మృగశిర ప్రవేశించువరకు పెరటితోట గల గృహిణికి పరీక్షాకాలము. బావి యడుగంటును. కుళాయినీరు దినము విడిచి దినము వచ్చును. ఇంటివారి దాహమునకే చాలని నీటిని మొక్కలకు బోయుట ధర్మమా యని పెద్దలడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మేము మా పెరటిలో నాచరణమున జూపుచున్న సమాధానమును మనవి చేయుచున్నాము.

మొక్కలపై మక్కువ గలవారు గాజుటింటిని గోరుట సహజము. బెంగుళూరు లాల్‌బాగులో 1889లో పునాది పడిన గాజుటింటిని జూచినవారికి ఆ కోరిక మరింత హెచ్చును. కాని శీతదేశములలో గాజుటింటి ప్రయోజనము వేరు. వెలుతురు గాజుగుండ లోనికి జొచ్చి నేలను వేడిచేయును. వేడెక్కిన గాలి వెలికి బోజాలక లోననే నిలుచును. మన యెండలలో తలుపులు మూసిన గాజుటిల్లు మొక్కకు పొయ్యియే యగును.

మనకు గావలసినది నీడయిల్లు. ఈ సంగతి మన రైతులకు క్రొత్త కాదు. తమలపాకుతోటలో అవిసెచెట్లను బెంచి, వానికే తీగను ప్రాకించి, వాని నీడనే దానిని గాపాడుదురు. రాజమహేంద్రవరము చెంత కడియము ప్రాంతమున మొక్కల వర్తకులు నేడు పచ్చని వలలను పందిళ్లుగా గట్టుచున్నారు. మావంటి బడిపంతుళ్ల యిండ్లకు నాలుగు గుంజలు, కొన్ని కొబ్బరిమట్టలు చాలును. క్రోటనులను, కుండీలలోని లేతయంట్లను దానిక్రింద జేర్చవలెను. మల్లె మాత్రము ఎండను గోరును. దానిని నీడకు దేరాదు.

మొక్క త్రాగిన నీటిలో చాలభాగము ఆకులలోని సన్నని రంధ్రములనుండి యావిరియై పోవును. నీడనున్న యాకు తక్కువ నీటిని విడుచును. మొదటిచుట్టును ఎండుటాకులు పరచిన నేల త్వరగా నారదు. అయితే అవి కాండమును దాకరాదు. నీరు ప్రొద్దుపొడుపునగాని సందెవేళగాని పోయవలెను. పొదప్రక్కను మెఱుగుపూతలేని మట్టికుండను మెడవరకు బాతి, నీరు నింపి, మూత వేసిన, నేల యెండినకొలది నీరు మెల్లగా నూరి వేళ్లకందును. ఆ కుండలో బోయుటకు బియ్యము, కూరలు కడిగిన నీటిని వడకట్టి వాడుదుము. ఉప్పునీరు, సబ్బునీరు తగవు.

ఈ దినములలోనే రాబోవు వానలకు సిద్ధపడవలెను. ఎండిన బీర, సొరకాయలనుండి గింజలు దీసి, బూడిద కలిపి, పొడిసీసాలలో దాచవలెను. పాదులు త్రవ్వి చివికిన పెంట వేయవలెను. తొలకరి పడగనే గింజలు నాటవచ్చును. మల్లెకొమ్మను వంచి, కణుపుక్రింద కొంచెము గాటు పెట్టి, మట్టిలో నదిమి, పైన రాయి యుంచిన, తడి యారకున్నచో వేళ్లు దిగును. వేళ్లు బాగుగ దిగినపిదప దానిని తల్లినుండి వేరు చేయవలెను. మల్లెను గత్తిరించుటకిది కాలము గాదు. ఆ పని చలికాలమునది.

త్రాగునీటి బిందెనుండి చెంబెడైనను దీయక తోటను నిలుపవచ్చునని యిట్లు చూపగలిగిననాడు పెద్దల యాక్షేపణకు దావుండదు. ఇంటిలో నొకసారి వాడిన నీరు పెరటికి జేరక కాలువపాలగుటయే మనము మాన్పవలసిన దుబారా. ఆ నీటితో బ్రదికిన పొద సాయంకాలమున మన బిడ్డల జడలకు మూరెడు పూలనిచ్చును. దాని యంటొకటి పొరుగింటికి గూడ నందును.